లోడు లేని పాట

గురువారం పొద్దున్న జగ్గారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. రెండు స్పీకరు బాక్సుల కింద రబ్బరు ముక్కలు పెట్టాలి, గోడ అదురు ఆగాలి, ఆ తర్వాత ఉప్మా తినాలి. ఉప్మా చల్లారేలోపు అయిపోయే పని అనుకున్నాడు. ఖరగ్‌పూర్ వర్కుషాపులో, రైలు పెట్టెల కిందుండే చక్రాల చట్రాలు బాగుచేసే బోగీ షాపులో, ముప్పయ్యేళ్ళకు పైగా పనిచేసిన మనిషి. అంతంత రైలు పెట్టెల్ని కుదుపు లేకుండా నడిపించినవాడు మోకాలెత్తు చెక్క బాక్సులకు భయపడతాడా?

భయపడవలసింది బాక్సులకు కాదు, గోడకు. సుభాష్‌పల్లిలో జగ్గారావు ఇంటికీ పక్కనున్న జ్ఞానరత్నం ఇంటికీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. ఇటువైపు పాటలో మృదంగం మోగితే అటువైపు అద్దాల బీరువాలో గాజుసామాను మోగేది. జ్ఞానరత్నం రిటైరైన రైలు గార్డు, చర్చిలో పాటల బృందానికి పెద్ద. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టేస్తాడు. అలాగని పోట్లాడే మనిషి కాదు. గోడ అదిరితే తమ వరండాలోకి వచ్చి, రెండిళ్ళకూ మధ్యనున్న పిట్టగోడ మీద ఎర్ర తువ్వాలు ఆరేసేవాడు. జగ్గారావు సౌండు తగ్గించగానే దాన్ని తీసి పచ్చ తువ్వాలు వేసేవాడు. నాలుగేళ్ళుగా ఇద్దరి స్నేహమూ ఈ తువ్వాళ్ళ మీదే నడుస్తోంది.

ఆ సోమవారం మాత్రం తువ్వాలు ఆలస్యమైంది. జ్ఞానరత్నం భార్య దేవమణి పెళ్ళినాటి టీ సెట్టులోంచి ఒక సాసరు, పాట సాగుతున్నంతసేపూ బీరువా అరలో కొద్దికొద్దిగా జరిగి జరిగి, తలుపు తీసీ తియ్యగానే కిందపడి ముక్కలైంది. దేవమణి ఒక్క మాట అనలేదు. ముక్కల్ని కాగితంలో పొట్లం కట్టి తెచ్చి జగ్గారావు భార్య గంగాభవానికి చూపించి, కాసేపు కూర్చుని, టీ తాగి వెళ్ళింది. అనకపోవడంతోనే గంగాభవానికి తల కొట్టేసినట్టయింది.

"ఆదివారం దాకా సూస్తాను," అంది భర్తతో, దేవమణి ఎదురుగానే. "చర్చి నుంచి వచ్చినాక రత్నం అన్నయ్య బీరువాలో గ్లాసుడు నీళ్ళు పెడతారు. మీరు ఇక్కడ పాట పెట్టండి. నీళ్ళు కదిలితే ఆ బాక్సులు నింపురా ఎలిపోతాయి. అక్కడ మా తమ్ముడు బుజ్జిబాబు టెంటు హౌసులో పడుంటాయి."

"పెళ్ళిళ్ళకి తిప్పుతాడేటి ఈటిని?"

"తిప్పుతాడు. బాక్సులు మరి దేనికి సేసినారు?"

జగ్గారావుకు ఆ మాట గుచ్చుకుంది. ఆ బాక్సులు ఎక్కడినుంచి వచ్చాయో ఆవిడకు తెలుసు.

ఖరగ్‌పూర్‌లో వర్కుషాపు మనిషి రిటైరైన రోజు ఊరికే ఇంటికి రాడు. మెడనిండా బంతిపూల దండలు, ముందు డోలక్కు, వెనక షాపు షాపంతా. వీధి మొదటినుంచి గుమ్మందాకా ఊరేగించి తెస్తారు. ఆ వచ్చే ఆదివారం ఆ ఇంట్లో అందరికీ భోజనాలు. జగ్గారావు ఎంతమంది మెడలో దండలు వేశాడో, ఎన్ని పెరళ్ళలో పప్పన్నం తిన్నాడో లెక్కలేదు. తన వంతు వచ్చేసరికి లాక్‌డౌన్ వచ్చింది. మూతికి గుడ్డ కట్టుకుని, ఖాళీ క్యారేజీ చేత్తో పట్టుకుని, తలుపులన్నీ వేసున్న వీధిలోంచి ఒక్కడే నడిచొచ్చాడు. గుమ్మం ముందు గంగాభవాని సబ్బునీళ్ళు పోసి చేతులు కడిగించింది. సన్మానం అంతే.

భోజనాలకని పక్కన పెట్టుకున్న డబ్బు చాలాకాలం అలాగే ఉండిపోయింది. తీరా రోజులు బాగుపడేసరికి, ఇప్పుడు పిలిస్తే జనం నవ్వుతారేమోనని సిగ్గేసింది. దాంతో ఆ బాక్సులు కొన్నాడు. ఉద్యోగం పొడుగునా సుత్తి మోత విన్న చెవులకు ఒక మంచి పాట వినిపించాలనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అతను తనకోసం కొనుక్కున్న వస్తువు అదొక్కటే. బోగీ షాపులో అతని పక్కన పనిచేసిన గోవిందరావు మాత్రం కనిపించినప్పుడల్లా, "మా బోజనం వాయించీసుకుంటన్నావు కదరా" అని దెప్పేవాడు. జగ్గారావు నవ్వేసేవాడు, ఇంటికొచ్చాక ఆ పూట పాట పెట్టేవాడు కాదు.

ఇప్పుడు ఆ బాక్సులు కూడా పోతే రిటైర్మెంటులో అతనికి మిగిలేది క్యారేజీ ఒక్కటే.

సరే, గురువారం. రబ్బరు బంతుల్ని సగానికి కోసి బాక్సుల కింద పెట్టాడు. గంగాభవాని చీపురు తగలగానే ఒక బాక్సు ఆవిడకు వంగి నమస్కారం చేసింది. దాన్ని నిలబెట్టి పాట పెడితే, మొదటి చరణం కాకుండానే పిట్టగోడ మీద ఎర్ర తువ్వాలు వెలిసింది. జగ్గారావు చల్లారిపోయిన ఉప్మా తింటూ ఆలోచించాడు. మూడో ముద్ద దగ్గర బుద్ధి వెలిగింది. బోగీ షాపు మనిషి రబ్బరు బంతులతో ఆడుకోవడమేమిటి? పెట్టె అదరకూడదంటే స్ప్రింగులుండాలి.

మధ్యాహ్నానికల్లా గోల్‌బజార్‌లో స్కూటర్లు బాగుచేసే దుకాణంనుంచి పాత స్ప్రింగులు వచ్చాయి. పెరట్లో మూలనున్న పాత తలుపు రెక్క ముందుగదిలోకి వచ్చింది. రెక్కను నేలమీద పడుకోబెట్టి, ఈ చివర నాలుగు, ఆ చివర నాలుగు స్ప్రింగులు పెట్టాడు. రైలు పెట్టె కింద రెండు బోగీలు ఉన్నట్టన్నమాట. స్ప్రింగులు జారకుండా ఒక్కొక్కదాన్ని ఒక్కో స్టీలు గిన్నెలో నిలబెట్టాడు. అవి గంగాభవాని పాయసం గిన్నెలు. ఆ సంగతి ఆవిడకు చెప్పవలసిన అవసరం అతనికి కనిపించలేదు. రెక్కకు రెండు కొసల్లోనూ బాక్సులు ఎక్కించి, దూరంగా నిలబడి చూసుకున్నాడు. అచ్చం పెట్టెలాగే ఉంది.

పాట పెట్టాడు. ఎర్ర తువ్వాలు.

వంగి చూస్తే స్ప్రింగులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఇసుమంతైనా దిగలేదు. జగ్గారావు నుదురు కొట్టుకున్నాడు. బోగీ షాపులో చేరిన కుర్రాడికి నేర్పే మొదటి పాఠం మరిచిపోయాడు. ఖాళీగా పోయే పెట్టె పట్టాలమీద ఎగిరెగిరి పడుతుంది. జనం ఎక్కాక, స్ప్రింగు సగం దిగాక, అప్పుడు మెత్తగా పోతుంది. స్కూటర్ని మోసే స్ప్రింగులకు ఈ బాక్సులు ఏమూలకు? లోడు లేదు. లోడు వెయ్యాలి.

ఇంట్లో బరువైనవన్నీ వెతికాడు. గ్రైండరులో పప్పు నానుతోంది. ఇనప్పెట్టె గంగాభవాని చీరలది, దానిజోలికి వెళ్ళే ధైర్యం లేదు. ఇక మిగిలింది బియ్యం.

శుక్రవారం పొద్దున్నే గోల్‌బజార్‌లో సాహా బియ్యం కొట్టు ముందు నిలబడ్డాడు. సాహా బెంగాలీ మనిషే అయినా తెలుగువాళ్ళకు బియ్యం అమ్మీ అమ్మీ తెలుగు బాగానే పట్టుబడింది.

"సాహాదా, బస్తాలు కావాల. కానీ నేను ఇప్పను. ఆదివారం అయిపోగానే, ఇప్పనివి తెచ్చి నీకిచ్చీస్తాను."

సాహా మొహం విప్పారింది. విప్పని బస్తా వెనక్కి తీసుకునే మర్యాద ఆ బజారులో ఒక్క భోజనాలవాళ్ళకే ఉంది. ఇంటికి కొనుక్కునేవాడు ఎవడూ ఆ మాట అనడు.

"కతొ లోక్, దాదా? ఎంత మంది జనం?"

"జనం కాదు దాదా, బరువు. మంచి బరువుండాల."

"హబే, హబే, అలాగే అవుతుంది," అన్నాడు సాహా నవ్వుతూ. పరువుగల మనుషులు తమ ఇంటి విందు గురించి ఇలాగే డొంకతిరుగుడుగా మాట్లాడతారని అతని అనుభవం. మంచి రకం చూసి వ్యాన్ రిక్షాలోకి ఎక్కించాడు.

రిక్షా సుభాష్‌పల్లి మలుపు తిరిగేసరికి మీనాకుమారి గేటు దగ్గరే ఉంది. వీధిలో మాతా పూజకు చందాలు వసూలు చేసేది ఆవిడే. అందుచేత ఏ ఇంట్లో ఎన్ని కేజీల బియ్యం ఉడుకుతుందో ఆ ఇంటివాళ్ళ కన్నా ఆవిడకే బాగా తెలుసు.

"అన్నయ్యా, ఇన్ని బస్తాలేటి?"

"లోడుకమ్మా."

"ఏటి లోడు?"

"బాక్సులకి. మీద బరువుండాల. ఆదివారం పరీచ్చ ఉన్నాది."

మీనాకుమారి పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పాటల బాక్సులకు బియ్యం పెట్టే మనిషిని ఎవరు నమ్ముతారు? జగ్గారావు నిజం చెప్పిన కొద్దీ ఆవిడకు అబద్ధం స్పష్టంగా కనిపించింది. ఆదివారం, బస్తాలు, బాకీపడ్డ రిటైర్మెంటు భోజనం. మూడూ కలిపింది. జగ్గారావు బస్తాలు దింపించి, రిక్షావాడితో మాట్లాడి లోపలికి వచ్చేలోపు ఆవిడ పెరటి గుమ్మంలోంచి గంగాభవానిని పట్టుకుంది.

"వదినా, నాకు కూడా సెప్పకుండా దాచీసినారు."

"ఏటి దాచినాం?"

"ఆదివారం అన్నయ్య రిటైర్మెంటు బోజనాలంట కదా. బియ్యం దిగిపోనాది."

గంగాభవాని చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మీనాకుమారి వెళ్ళాక మెల్లగా ముందుగదిలోకి వచ్చింది. తలుపు రెక్క మధ్యలో బస్తాలు, ఈ కొసనొకటి ఆ కొసనొకటి బాక్సులు, పక్కన మోకాళ్ళమీద కూర్చుని కింద స్ప్రింగుల్ని చూసుకుంటున్న మొగుడు.

"ఇదేటండి?"

"లోడు. ఆదివారం దాకా ముట్టుకోకు."

"ముట్టుకోనండి," అంది గంగాభవాని. ఆ గొంతు విని జగ్గారావు తలెత్తాడు. పెళ్ళైన కొత్తలో విన్న గొంతు అది.

ఆవిడకు అంతా అర్థమైపోయింది. బియ్యం తెచ్చిన సంగతి తనకు తెలియకుండా దాచడానికి ఈ స్ప్రింగులు, ఈ తలుపు, ఈ నాటకం. పరాయివాళ్ళ భోజనాలకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ, మనం పెట్టినప్పుడు సాంబారు ఇంకాస్త చిక్కగా పెట్టిద్దామని తను అంటూ ఉండేది. ఆ సంగతి ఈ మనిషి మరిచిపోలేదు. వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని తమ్ముడికి ఫోను చేసింది. ఆదివారం టెంటు, గుండిగలు, వంటవాళ్ళు. కూరగాయలు కూడా నువ్వే చూడు. బావకు మాత్రం ఒక్క ముక్క చెప్పకు, ఆయన మనకి తెలీదనుకుంటన్నారు.

ఆ సాయంత్రం అడక్కుండానే పకోడీలు వచ్చాయి. బాక్సుల విషయంలో పెళ్ళాం మనసు మారిందని జగ్గారావు సంతోషించాడు.

శనివారం స్ప్రింగులు సగానికి దిగి కుదురుకున్నాయి. తలుపును అరచేత్తో నొక్కితే దిగి, వదిలితే ఊపిరి పీల్చినట్టు లేచింది. పక్కింట్లో జ్ఞానరత్నం చర్చికి పాటల సాధనకు వెళ్ళాడు, తువ్వాలు భయం లేదు. పాట పెట్టాడు. మృదంగం మీద వేలు పడటం, లేవడం విడివిడిగా వినిపించాయి. పాడే ఆవిడ ఊపిరి తీసుకుంటే వినిపించింది. ఇన్నాళ్ళూ పాటతోపాటు పాడుతూ వచ్చిన గోడ నోరు మూసుకుంది. జగ్గారావు గదిమధ్యలో నిలబడిపోయాడు. గుమ్మంలో గంగాభవాని కూడా నిలబడి వింది. "బాగుందండి," అంది. అతను గెలిచాడు, ఇక ఆదివారం రావడమే తరవాయి.

ఆ ధీమాతో పాన్ కొట్టుకు బయల్దేరితే దారిలో గోవిందరావు ఎదురయ్యాడు. గోవిందరావు గుమ్మంలోంచి రావాలంటే కాస్త పక్కకు తిరిగి రావాలి, అంత మనిషి.

"ఆదివారం వస్తన్నామొరే."

పరీక్ష కబురు వీధి దాటిందన్నమాట అనుకుని జగ్గారావు పొంగిపోయాడు. "రా, రా. నువ్వు నేకపోతే ఎలాగ?"

"మన షాపోళ్ళకి సెప్పీమంటావా?"

"అందరికీ సెప్పీ. ఎంతమందుంటే అంత మంచిది. ఖాళీ గదిలో గోలెత్తిపోతాది. మనుషులుంటే మెత్తగా ఉంటాది."

గోవిందరావుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఇన్నేళ్ళకు భోజనానికి పిలుస్తున్న మనిషి ఏం మాట్లాడినా తల ఊపడం ధర్మం కాబట్టి ఊపాడు.

ఆదివారం పొద్దున్న జగ్గారావు తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బాక్సుల మీద దుమ్ము తుడుస్తుండగా వాకిట్లో టెంపో ఆగింది. బావమరిది బుజ్జిబాబు దిగాడు. పరీక్ష కాకముందే బాక్సులు పట్టుకుపోవడానికి వచ్చేశాడనుకున్నాడు జగ్గారావు. ఒక్క అంగలో వెళ్ళి గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచాడు.

"ఇంకా టైముంది. గార్డు సాబ్ చర్చి నుంచి రానేదు."

"ఆయన వచ్చీసరికి అంతా సెయ్యాల కదా బావా," అన్నాడు బుజ్జిబాబు. "ఒరే, షామియానా దింపండి."

షామియానా లేచింది. గుండిగలు దిగాయి. పొయ్యిలు వెలిగాయి. తన బాక్సుల్ని పంపించడానికి ఇంత ఆర్భాటమేమిటో జగ్గారావుకు అర్థం కాలేదు. పందిరి వేసి మరీ పరువు తీస్తారా అనుకున్నాడు. అంతలో వీధి మొదట్లో డోలక్కు మోగింది.

బోగీ షాపు వచ్చింది. రిటైరైనవాళ్ళు, ఇంకా డ్యూటీలో ఉన్నవాళ్ళు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, జుట్టుకు రంగేసుకున్నవాళ్ళు, అందరికన్నా ముందు గోవిందరావు, అతని చేతుల్లో తొడంత లావు బంతిపూల దండ. జగ్గారావును గుమ్మంలోంచి లాగి వీధి చివరిదాకా తీసుకెళ్ళి, మెడలో దండ వేసి, డోలక్కు వాయిస్తూ మళ్ళీ వాళ్ళింటికే ఊరేగించి తెచ్చారు. ఆ రోజు మూసి ఉన్న తలుపులన్నీ ఇప్పుడు తెరిచి ఉన్నాయి. గుమ్మానికొకరు నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అతను తన చేతిలో క్యారేజీ లేదేమిటా అని ఒకసారి చూసుకున్నాడు.

"లేటైతే లేటైనాది," అన్నాడు గోవిందరావు. "రిటైర్మెంటు బోజనం మాత్రం పెడతన్నావు. మా జగ్గాడు మనిషిరా."

అప్పుడు, ఆ మాటతో, జగ్గారావుకు మూడు రోజుల సంగతులూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సాహా నవ్వు, మీనాకుమారి పమిట, పకోడీలు. నోరు తెరిచాడు. ఎదురుగా గంగాభవాని పట్టుచీరలో, కర్పూరం ఉండల వాసనతో, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

"మీరు సెప్పకపోయినా నాకు తెలిసిపోనాదండి," అంది. "బియ్యం దాచడానికి ఎంత నాటకం ఆడినారు. మీనా సెప్పకపోతే నేను ఆ స్ప్రింగులు నిజమే అనుకుందును."

ఆ మొహం చూసి కూడా నిజం చెప్పగల మొగుడు ఖరగ్‌పూర్ మొత్తంలో లేడు. జగ్గారావు నోరు మూశాడు.

వంటవాళ్ళు ముందుగదిలో బస్తాల దగ్గర నిలబడ్డారు. "బావా, ఎసరు మరిగిపోతంది, కాస్త తప్పుకో," అన్నాడు బుజ్జిబాబు. ఆ బస్తాలు లేస్తే లోడు పోతుంది. లోడు పోతే గోడ మోగుతుంది. గోడ మోగితే ఈ టెంపోలోనే బాక్సులు నింపురా పోతాయి. ఇదంతా ఒక్క చూపులో లెక్కకట్టి, మొదటి బస్తా కుట్టు తనే విప్పాడు.

"తియ్యండి. అన్నీ తియ్యండి."

బస్తా లేచినప్పుడల్లా తలుపు రెక్క ఒక్కో గీత పైకి లేచింది. ఆఖరి బస్తా వెళ్ళాక స్ప్రింగులు మళ్ళీ కర్రల్లా బిగుసుకుని నిలబడ్డాయి. పాయసానికి గిన్నెలు చాల్లేదని వంటవాళ్ళు వెతుకుతున్నారు. వాటిలో ఎనిమిది స్ప్రింగుల కింద ఉన్నాయని ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు.

అన్నం వార్చేసరికి జ్ఞానరత్నం చర్చినుంచి వచ్చి, పిట్టగోడకు అవతల తెల్లచొక్కాతో నిలబడ్డాడు. ఒక భుజంమీద ఎర్ర తువ్వాలు, ఇంకో భుజంమీద పచ్చది.

"జగ్గారావ్, గ్లాసు పెట్టాను. దేవమణి చూస్తోంది."

"ఇయ్యాల ఒద్దు గార్డు సాబ్. ఇంటినిండా జనం."

"ఆదివారం అనుకున్నాం. ఇవాళే ఆదివారం. రూలు రూలే."

"ఎందుకొద్దంటారు?" అంది గంగాభవాని, నిన్నటి పాట చెవుల్లో ఇంకా మోగుతుంటే. "పెట్టండి. అందరూ ఇంటారు."

జగ్గారావు మెడలో దండతోనే వెళ్ళి పాట పెట్టాడు. పల్లవి బాగానే సాగింది. మృదంగం అందుకుంది. గోడ అందుకుంది. పక్కింటి బీరువా అందుకుంది. జ్ఞానరత్నం ఎర్ర తువ్వాలు తీసి, వీధి వీధంతా తనవైపు చూస్తున్నా సరే, పిట్టగోడ మీద నిదానంగా పరిచాడు.

గంగాభవాని మొహం వాడిపోయింది. "నిన్న బాగుంది కదండీ," అంది. తర్వాత, చాలా మెల్లగా, "దేవమణి ముందు మాటనీసినాను" అంది.

"అన్న మాట అన్నట్టే," అన్నాడు జగ్గారావు. "బోజనాలయ్యాక ఎక్కించమను. ఈ పాట అవనీ." అతనికి ఆశ్చర్యంగా, అనుకున్నంత బాధ వెయ్యలేదు. దండ బరువుగా, చల్లగా మెడమీద ఉంది.

మొదటి బంతికి ముందుగదిలో విస్తళ్ళు పరిచారు. ఇక్కడ బోగీ షాపువాళ్ళకు ఒక ఇబ్బంది వచ్చింది. జీవితమంతా పెట్టెల కింద వంగి పనిచేసిన మోకాళ్ళు అందరివీ, నేలమీద కూర్చుంటే మళ్ళీ లేవడం అనుమానం. గోవిందరావు చుట్టూ చూశాడు. గది మధ్యలో, బల్లలాగా ఎత్తుగా, ఖాళీగా, తలుపు రెక్క కనిపించింది. విస్తరి ఒళ్ళో పెట్టుకుని దానిమీద కూలబడ్డాడు. అతని పక్కన సుందర్ రాజు. ఆయన కూడా బరువులో గోవిందరావుకు తీసిపోయే మనిషి కాదు.

గోవిందరావు పప్పు కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపాడు.

"జగ్గా. ఇది దిగినాది."

"ఏటి?"

"స్ప్రింగు."

ఆ మాట వినగానే గదిలోని బోగీ షాపంతా విస్తళ్ళు వదిలేసి తలుపు కిందికి వంగింది. పాటలో ఏదో తేడా వచ్చిందని అప్పుడే అందరికీ తెలిసింది. మృదంగం దగ్గరికి వచ్చింది. గోడ గొంతు తగ్గింది, కానీ ఇంకా పూర్తిగా పోలేదు.

"ఈ కొస దిగినాది, ఆ కొస నేదు," అన్నాడు ఒకాయన నేలమీద చెంప ఆనించి. "లెవెలు తప్పినాది."

"సుందర్ రాజూ, నువ్వు అటేపు జరుగు."

"సాంబారు ఒలికిపోతాది."

"ఒలికితే ఒలికింది, జరుగు. మద్దిలో ఇంకొకడు కావాల. ఎవడ్రా బరువున్నోడు?"

ఇద్దరు ముందుకు వచ్చారు. ఒకర్ని వద్దన్నారు, చాలడని. రెండోవాణ్ణి కూర్చోబెట్టి, సగం లేపి, జానెడు కుడికి జరిపి మళ్ళీ కూర్చోబెట్టారు. స్ప్రింగులు అన్నీ ఒక్క తీరుగా సగానికి దిగాయి. జగ్గారావు మోకాళ్ళమీద కూర్చుని, తలుపు అంచుమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"కదలకండి. అలాగే తినండి."

తలుపుమీద ముగ్గురు భారీ మనుషులు, ఊపిరి బిగబట్టి, ముద్దలు మింగుతున్నారు. అటూ ఇటూ పాట మోగుతోంది. గోడ మాట్లాడలేదు.

పక్కింట్లోంచి దేవమణి గొంతు వినిపించింది. "ఏమండీ, నీళ్ళు కదలడం లేదు."

జ్ఞానరత్నం ఎవరి మాటా నమ్మి బండి నడిపిన గార్డు కాదు. తనే లోపలికి వెళ్ళాడు. చరణం అంతా అయ్యేదాకా రాలేదు. వచ్చి, పిట్టగోడ మీదున్న ఎర్ర తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకున్నాడు. పచ్చ తువ్వాలు విప్పి, బండి కదిలేటప్పుడు చివరనుండే బ్రేకు వ్యానులోంచి ఊపినట్టు చెయ్యి బారచాచి ఊపాడు. జేబులోంచి పాత ఈల తీసి ఊదాడు.

"ఆల్ రైట్, జగ్గారావ్."

వీధి దద్దరిల్లింది. డోలక్కు మళ్ళీ అందుకుంది. జగ్గారావు దండను సర్దుకుని గది మధ్యలో నిలబడ్డాడు. ఐదేళ్ళ కిందట ఆ వీధిలో ఒక్కడే నడిచిన మనిషి అతనేనంటే ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. సంతోషం పట్టలేక గోవిందరావు చెయ్యి పట్టుకుని ఊపబోతే, లెవెలు పోతుందని అందరూ అరిచారు.

"ఒరే బుజ్జీ," అంది గంగాభవాని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "టెంపోలోకి గుండిగలు మాత్రమే ఎక్కించు." అని, మొగుడి దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది. "అయితే ఆ స్ప్రింగులు నిజమేనేటండి?"

"నిజమే."

"మరి బోజనాలు?"

జగ్గారావు ఆవిడ మొహంలోకి చూశాడు. "అయీ నిజమే," అన్నాడు.

పాయసానికి గిన్నెలు చాలకపోతే దేవమణి తన టీ సెట్టు తెచ్చి ఇచ్చింది. ఒక సాసరు తక్కువ. సాహా కొట్టుకు తిరిగి వెళ్ళవలసిన బస్తా ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్న గంగాభవాని, తలుపుమీద లోడుగా కూర్చోవడానికి వచ్చేవాళ్ళకోసం బియ్యం కడిగే ముందు, ఇవాళ ఏ పాటని మొగుణ్ణి అడుగుతుంది. వేణువైతే మూడు సోలలు పోస్తుంది, మృదంగమైతే ఆరు.